గడప లోపలి పేరు

పలాస,
జూన్ 3, 2025.

పెదమావయ్యకి నమస్కారాలు.

పలాస నుంచి నౌపడకి ఉత్తరం రాసే మనిషిని ఈ రోజుల్లో నేనొక్కదాన్నే అనుకుంటా. ఏం చెయ్యను? మీతో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే మీ వీధి వీధంతా మా ఆఫీసు సంగతులు వింటుంది. మెసేజ్ పెడదామంటే, కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో అక్షరాలు చూడనని ఒట్టేసుకున్నారు. అందుకని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అత్తయ్యని చదవమనకండి, మీరే చదవండి.

జీడి రైతుల సంఘంలో, మీరు రిటైరయ్యాక ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న మీ కుర్చీలో కూర్చుని నాకు నాలుగు నెలలైంది. కంప్యూటర్లు, నెట్‌వర్కు అన్నీ మీరు పెట్టినవే కాబట్టి మిమ్మల్నే అడగాలి.

ఈ వానలకి నాటుకునేందుకు సంఘం జీడి అంటు మొక్కలు ఇస్తోంది. ఎవరికి వస్తాయో ఆ జాబితా మన వెబ్‌సైట్‌లో, అదే జీడిసంఘం డాట్ ఇన్‌లో పెట్టాం. కౌంటర్లో భాగ్యలక్ష్మి అందులో పేరు చూసి టోకెన్ రాసిస్తుంది. నిన్న అక్కుపల్లి నుంచి బొడ్డమ్మ అని ఒకావిడ వచ్చింది. పేరు లేదంది భాగ్యలక్ష్మి. ఆవిడ తన ఫోన్ తీసి, "ఇదుగో నా పేరు, పొద్దున్న మా ఇంటికాడ సూసుకునే వచ్చినాను" అని మన ఆఫీసు వైఫైతో తెరిచింది. తెరిస్తే అందులోనూ లేదు! ఆవిడ ముఖం నల్లబడిపోయింది. బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడి చూసుకుంది. ఉంది. లోపలికి వచ్చింది. లేదు. ఇలా మూడుసార్లు గడప దాటింది మావయ్యా.

"గడప అవతల ఉంటాది, యివతలకొత్తే పోతాది. ఇదేటి మాయ?" అందావిడ. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. దొంగ జాబితా చూపిస్తోందని ఎవరో అన్నారు కూడా. భాగ్యలక్ష్మి వెనక్కి పంపేసింది.

ఇలా వెనక్కి పోయినవాళ్ళు ఇప్పటికి నలభై ఒక్కరు. టోకెన్లకి జూలై 12 ఆఖరు రోజు. ఆ తర్వాత మిగిలిన మొక్కలు వేరే మండలానికి వెళ్ళిపోతాయి. ఇలాంటిది మీ హయాంలో ఎప్పుడైనా జరిగిందా? మన సర్వర్ పాస్‌వర్డ్ కూడా నాకు ఎవరూ ఇవ్వలేదు.

మీ బుజ్జమ్మ

———

నౌపడ,
జూన్ 8.

చిరంజీవి బుజ్జమ్మకి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అత్తయ్య కూడా చదివింది, ఆపలేకపోయాను. ఇక్కడ ఉప్పుమడులకి ఈ ఏటికి పని అయిపోయినట్టే. మబ్బు కమ్మితే మిగిలిన ఉప్పు మీద తాటాకులు కప్పుతున్నారు.

నువ్వు రాసినది చదివితే నాకు మా ఇంటి సంగతి గుర్తుకొచ్చింది. మీ అమ్మమ్మ పేరు కామేశ్వరమ్మ కదా. నా కూతురికీ ఆ పేరే పెట్టాం, మా తమ్ముడి కూతురికీ అదే పెట్టాం. అత్తగారి పేరు నోటితో పలకకూడదని మా ఇంటి కోడళ్ళు ఒకదాన్ని పెద్దది అనీ ఒకదాన్ని చిన్నది అనీ పిలిచేవారు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు కాబట్టి ఒకే పేరు ఇద్దరికి ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. చిన్నది కోటబొమ్మాళి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు టీచర్ ట్రైనింగ్‌కి రమ్మని కామేశ్వరి పేర కార్డు వచ్చింది. ఇంట్లో ఉన్న కామేశ్వరి, నాకే అనుకుని తీసి పెట్టెలో దాచుకుంది. అడగాలనే తోచలేదు దానికి. తన పేరే కదా! తారీఖు దాటిపోయాక బయటపడింది. దాని తప్పు ఏముంది, దీని తప్పు ఏముంది?

ఇక నీ సంగతి. ఫోన్లు ఒక్కోసారి పాత పేజీలు పట్టుకుని కూర్చుంటాయి. గోడ మీద అతికించిన వైఫై పాస్‌వర్డ్ పీకేసి, బయటివాళ్ళకి ఇవ్వకు. గోల తగ్గుతుంది. సర్వర్ జోలికి మాత్రం పోకు. ఆఫీసు నెట్‌వర్కుకి జీడిసంఘం అన్న పేరు నేను పెట్టింది, పదహారేళ్ళుగా నడుస్తోంది. బొడ్డమ్మలు ఆ పక్క ఊరికి పదిమంది ఉంటారు, ఒకరి పేరు చూసి ఒకరు వచ్చి ఉంటారు.

మీ అమ్మని మోకాలికి నూనె మర్దనా మానవద్దను.

మావయ్య

———

పలాస,
జూన్ 15.

పెదమావయ్యకి నమస్కారాలు.

నేను కంప్యూటర్ సంగతి అడిగితే మీరు కామేశ్వరి వదినల సంగతి చెప్పారు. మొదట విసుగొచ్చింది. రెండోసారి చదివాక ఆ రోజంతా వేరే పని చెయ్యలేకపోయాను. నేను అడిగినదానికి జవాబు అదే కదా?

మన ఆఫీసులో పేరు చెబితే చిరునామా చెప్పే సర్వర్ ఒకటుంది. లోపలి కంప్యూటర్లన్నీ, వైఫై పట్టుకున్న ఫోన్లు కూడా దాన్నే అడుగుతాయి. 2009లో లోపలి నెట్‌వర్కుకి మీరు జీడిసంఘం డాట్ ఇన్ అని పేరు పెట్టారు. పదేళ్ళకి అదే పేరుతో బయట వెబ్‌సైట్ వచ్చింది. లోపల ఎవరు ఆ పేరు అడిగినా మన సర్వర్ "నేనే" అంటుంది. బయట అదే పేరుతో ఇంకొకటి ఉందేమోనని కనుక్కోదు. తన పేరే కదా! దాని దగ్గర ఉన్నది 2012లో మీరు తయారు చేసిన సభ్యుల పట్టీ. భాగ్యలక్ష్మి చూస్తున్నది అది. పాత సభ్యులు రెండింటిలోనూ ఉన్నారు కాబట్టి వాళ్ళకి టోకెన్లు వచ్చేస్తున్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. పేరు లేక తిరిగిపోయిన నలభై ఒక్కరిలో ముప్పై ఆరుగురు ఆడవాళ్ళు. 2018 తుపాను తర్వాత ఇంటి మగవాళ్ళు చనిపోయి, తోట తమ పేరు మీదకి మార్చుకున్నవాళ్ళు.

ఈ మాటే అధ్యక్షుడు నారాయణరావు గారికి చెప్పాను. ఆయన తన గదిలో కంప్యూటర్ తెరిచి చూపించారు. అందులో నిఖార్సయిన వెబ్‌సైట్, కొత్త జాబితా, బొడ్డమ్మ పేరుతో సహా! "నా దాంట్లో బాగానే ఉన్నాది కదమ్మా. మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా నేదు. నువ్వొచ్చినాకే ఇదంతా. ఏటి కదిపీసినావు?" అన్నారు. అందరి ముందూ అన్నారు. నెలలోగా కారణం రాసివ్వమని కాగితం కూడా ఇచ్చారు.

ఆయన భోజనానికి వెళ్ళాక ఆ కంప్యూటర్ వెతికాను. పేర్లూ చిరునామాలూ చేత్తో రాసుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది కదా, సర్వర్‌ని అడగక్కర్లేకుండా. అందులో ఒకే ఒక్క వరస ఉంది. మన వెబ్‌సైట్ పేరు, దాని బయటి చిరునామా. తారీఖు 2019 నవంబరు. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి:

"తాత్కాలికం. త."

నా స్కూలు పుస్తకాలకి అట్టలు వేసి పేరు రాసినప్పుడు కూడా మీరు కింద "త." అనే పెట్టేవారు. ఈ వరస ఎవరు రాశారో ఇంకొకరిని అడగను. మిమ్మల్నే అడుగుతున్నాను.

బుజ్జమ్మ

———

నౌపడ,
జూన్ 19.

ప్రమోదిని గారికి,

మీ లేఖ చేరింది.

సర్వర్ పాస్‌వర్డ్ వేరే కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను. అందులో లోపలి పేర్ల పట్టీ తెరిచి, మూడు డబ్ల్యూలతో ఒక కొత్త పేరు చేర్చి, దానికి బయటి వెబ్‌సైట్ చిరునామా ఇవ్వండి. వట్టి పేరు మాత్రం కదపవద్దు. పొద్దున్న కంప్యూటర్లన్నీ ఆ వట్టి పేరుతోనే లోపలికి వస్తాయి. అది చెదిరితే పంతొమ్మిది కంప్యూటర్లూ మొండికేస్తాయి.

ముప్పై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేశాను. సంజాయిషీ అడిగిన మొదటి మనిషి మీరే.

తవిటయ్య

———

పలాస,
జూన్ 29.

పెదమావయ్యకి,

బుజ్జమ్మ పోయి "ప్రమోదిని గారు" అయ్యేసరికి ఏడుపొచ్చింది. మీరు నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. సంజాయిషీ అడగలేదు మావయ్యా. నన్ను అందరి ముందూ నిలబెట్టిన రోజున, మీకు తెలిసి ఉంటుందన్న ఒక్క ధైర్యం పట్టుకుని మీకు రాశాను.

మీరు చెప్పినట్టే చేశాను. మూడు డబ్ల్యూలు పెడితే ఇప్పుడు లోపలా బయటి వెబ్‌సైటే వస్తోంది. పెట్టకపోతే మాత్రం మళ్ళీ పాత పట్టీయే. భాగ్యలక్ష్మి అలవాటుగా వట్టి పేరే కొడుతుంది. అందుకని పాత పట్టీ తీసేసి, వట్టి పేరుతో వచ్చినవాళ్ళని మూడు డబ్ల్యూల పేరుకి మళ్ళించే పేజీ పెట్టాను. గోడ మీద పాస్‌వర్డ్ మాత్రం పీకలేదు. రైతు లోపలికి వచ్చి చూసుకోవడం గోల కాదు.

భాగ్యలక్ష్మీ నేనూ కూర్చుని నలభై ఒక్కరికీ ఫోన్లు చేశాం. నలభై మంది వచ్చి టోకెన్లు తీసుకున్నారు. బొడ్డమ్మ రాలేదు. "ఆ గడప మల్లీ తొక్కను, మొక్కలు ఆలనే నాటుకోమను" అని పెట్టేసింది. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

మొదటి ఉత్తరంలో మీకొక మాట దాచాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు భాగ్యలక్ష్మి ఊరికే పేరు లేదని పంపలేదు. తన కంప్యూటర్లో ఆ సర్వే నంబరు వెతికి, "ఈ తోట ఈశ్వరరావు పేరున ఉన్నాది. నీకెలా ఇత్తాను? ఆయన్నే రమ్మను" అంది. బొడ్డమ్మ ఫోన్ మూసేసి గుమ్మం వైపు తిరిగింది. ఆయన పోయాడని భాగ్యలక్ష్మికి తెలియదు, కొత్తగా వచ్చిన పిల్ల. తెలిశాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

బొడ్డమ్మ భర్త ఆ ఈశ్వరరావు మీ ఈశ్వరరావే మావయ్యా. మన గోదాము కప్పెక్కి మీతో పాటు వైర్లు లాగిన మనిషి. పదో రోజు భోజనానికి మీరు వెళ్ళి వచ్చారని అమ్మ చెప్పింది. మీరు కష్టపెట్టుకుంటారని రాయలేదు. మీరు ఆ వరస సంగతి నాకు చెప్పకపోవడానికి కారణం కూడా ఇలాంటిదేదో అయి ఉంటుందనుకుంటున్నాను.

ఇంకా పదమూడు రోజులున్నాయి.

బుజ్జమ్మ

———

నౌపడ,
జూలై 6.

నా తల్లి బుజ్జమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుని అక్కుపల్లి వెళ్ళాను. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ముందు నా సంగతి చెబుతాను. పేరు పెట్టినప్పుడు తప్పు చేశానని అనను. అప్పుడు వెబ్‌సైట్ లేదు, మన సంఘం పేరు మన ఇంటికి పెట్టుకున్నామనుకున్నాను. తప్పు తర్వాత చేశాను. 2019లో వెబ్‌సైట్ మొదలుపెట్టిన రోజున నారాయణరావు గారు తన ఫొటో చూసుకుందామంటే ఆయన గదిలో తెరుచుకోలేదు. ఎందుకో నాకు పది నిమిషాల్లో తెలిసింది. సరిచెయ్యాలంటే లోపలి పేరు మార్చాలి, కంప్యూటర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చేర్చాలి. నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. పైగా, నేను పెట్టిన పేరు పనికిరాదని నా నోటితోనే చెప్పాలి. ఆ మాట నోటికి రాలేదు. ఆయన ఒక్కడి కంప్యూటర్లో ఆ వరస రాసి పెట్టాను. తాత్కాలికం అనే రాశాను, తర్వాత చేద్దామనే అనుకున్నాను. చూడవలసిన పెద్దమనిషి చూశాడు, అడిగేవాళ్ళు లేరు, నేను దండ వేయించుకుని ఇంటికి వచ్చేశాను. నువ్వు అడిగినప్పుడు కూడా వైఫై పీకెయ్యమన్నాను చూడు, దానికి సిగ్గుపడుతున్నాను.

ఈశ్వరరావు ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. ఆమె చేతి చేపల పులుసు తిన్నాను. చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె పేరు బొడ్డమ్మ అని నీ ఉత్తరంలో చూశాను కానీ, ఆ బొడ్డమ్మ ఈమేనని నాకు తెలియదు. ఇన్నేళ్ళలో పేరు అడగలేదు బుజ్జమ్మా.

నేను వెళ్ళేసరికి తోటలో ఉంది. తుపానుకి కూలిన చెట్ల మొదళ్ళు పెకలించి, అంట్ల కోసం అరవై గోతులు తీయించి ఉంచింది. మొక్కలు వద్దన్నది గానీ గోతులు పూడ్చలేదు. నాకు వినబడదని తెలుసు కాబట్టి ఎడమ చెవి దగ్గరకి వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, మీ మిసన్లో ఆయనున్నాడంట కదా. నాకు తెలీకుండా ఆపీసులో బతికున్నాడేటి? ఉంటే పంపించండి, గోతులు ఆయనే తవ్వుతాడు" అంది.

నేను చెప్పేశాను. పట్టీ నాది, పేరు నాది, ఆరేళ్ళ కిందటే తెలుసు అని.

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

లేచి, ఒక గోతిలోకి జారిన మట్టి చేత్తో తీసి పోసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. తర్వాత చెవిలో చెప్పింది. "నా తోటలో నాకు సెప్తే ఏటి లాబం? నన్ను దొంగన్నది ఆడ. ఆల ముందర సెప్పు. సెప్తే ఒత్తాను."

శుక్రవారం 11న వస్తాను. నారాయణరావు గారిని గదిలో ఉండమను. ఎందుకని అడిగితే తవిటయ్య సంజాయిషీ ఇవ్వడానికి వస్తున్నాడని చెప్పు. నీకిచ్చిన కాగితానికి జవాబు నేనిస్తాను.

ఇంకొకటి. మళ్ళింపు పేజీతో సరిపెట్టకు, అదీ తాత్కాలికమే. లోపలి నెట్‌వర్కుకి వేరే పేరు పెట్టు. సంఘం పేరు పూర్తిగా వదలక్కర్లేదు. దాన్ని ఇంటిపేరుగా ఉంచి, ముందు సొంత పేరు ఒకటి చేర్చు. లోగిలి డాట్ జీడిసంఘం డాట్ ఇన్. మన ఇళ్ళలో అందరికీ ఇంటిపేరు ఒకటే కదా, పేర్లు వేరువేరుగా ఉంటే ఎవరి ఉత్తరం వాళ్ళకి అందుతుంది. పంతొమ్మిది కంప్యూటర్లూ మార్చడానికి రెండు ఆదివారాలు పడుతుంది. నేనూ వస్తాను. నువ్వు చెప్పింది నేను కొడతాను, వినపడకపోతే కాగితం మీద రాసి చూపించు.

మావయ్య

———

పలాస,
జూలై 13.

పెదమావయ్యకి నమస్కారాలు.

శుక్రవారం మీరు చెప్పవలసింది చెప్పి, బస్సుకి టైమైందని గబగబా వెళ్ళిపోయారు. మీ వెనక ఎవరేమన్నారో మీకు వినపడలేదు. వినపడకూడదనే వెళ్ళారేమో కూడా. అందుకే రాస్తున్నాను, తప్పించుకోలేరు.

హాల్లో నలభై యాభై మంది ఉన్నారు కదా. "తప్పు ఈ పిల్లది కాదు, ఆ తల్లిది కాదు, నాది" అని మీరు అనేసరికి క్యూ అంతా మీ వైపు తిరిగింది. మీరు మామూలుగా మాట్లాడుతున్నాననుకున్నారు గానీ, మావయ్యా, మీరు అరిచారు. రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా విన్నారు. మీరు వెళ్ళాక నారాయణరావు గారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "అయితే ఆరేళ్ళు నాకొక్కడికే అసలుది సూపించాడన్నమాట" అన్నారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. గదిలోకి వెళ్ళి నాకిచ్చిన కాగితం తెచ్చి అందరి ముందే చింపారు. ఇచ్చింది కూడా అందరి ముందే కాబట్టి సరిపోయింది.

బొడ్డమ్మ మీరున్నంతసేపూ గడప బయటే నిలబడి విన్నది. మీరామెను చూశారో లేదో. తర్వాత ఫోన్ తీసి బయట ఒకసారి చూసుకుంది. గడప దాటి లోపలికి వచ్చి, గోడ మీద పాస్‌వర్డ్ కొట్టి, మళ్ళీ చూసుకుంది. ఉంది. నమ్మలేదు. బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఈసారి క్యూలో ఎవరూ నవ్వలేదు.

భాగ్యలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. "అమ్మా, ఆ రోజు..." అని ఆగిపోయింది. టోకెన్ల పుస్తకం ముందుకి లాక్కుంది.

బొడ్డమ్మ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి అంది. "ఈశ్వర్రావుని రమ్మన్నావు గదా. ఆయన రానేడు. నానొచ్చినాను. రాసుకో."

భాగ్యలక్ష్మి నిలబడే రాసింది. పేరు దగ్గర బొడ్డమ్మ అని రాసి, కాగితం ఆమె వైపు తిప్పి చూపించింది. అరవై మొక్కలు. నిన్న ఆఖరు రోజున వ్యాన్లో ఎక్కించాం.

ఆ వరస చెరిపేశాను మావయ్యా. లోపలి పేరు మారాకే చెరుపుదామనుకున్నాను గానీ, ఇప్పుడు అధ్యక్షుడు గారు కూడా అందరిలాగే సర్వర్‌ని అడిగి చూడాలనిపించింది. బాగానే తెరుచుకుంది. రెండు ఆదివారాల పని అలాగే ఉంది, పొద్దున్న రైలుకే వచ్చెయ్యండి. అమ్మ భోజనం పంపిస్తానంది.

వ్యాన్ ఎక్కే ముందు బొడ్డమ్మ నన్ను పిలిచి, మీకు ఒక మాట రాయమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"కోపం పోనేదని రాయి. అది ఇప్పట్లో పోదు. అయినా మొక్కలు బతికినాయో నేదో సూడ్డానికి రమ్మను. ఒచ్చినప్పుడు సెల్లెమ్మా సెల్లెమ్మా అనొద్దను. పేరెట్టి పిలవమను."

బుజ్జమ్మ